అపజయం – పునఃప్రయత్నం

లండనులో న్యాయవిద్య అభ్యసిస్తున్న రోజులలో గాంధీజీ మెట్రిక్యులేషన్ పరీక్ష రాసి, లాటిన్‌లో తప్పారు. బాధపడ్డారు గాని అధైర్యపడలేదు. రసాయనశాస్త్రాన్ని మాని ఉష్ణం, కాంతి అనే విషయాన్ని ఎంచుకొన్నారు. జీవనాన్ని మరింత నిరాడంబరం చేసుకొని, మళ్లీ రాసి ఉత్తీర్ణులయ్యారు. 1891లో బారిస్టరు అయ్యారు.

నేడు మన దేశంలో న్యాయశాస్త్ర పట్టభద్రులు ఎదుర్కొనే పరీక్ష అఖిల భారత బార్ పరీక్ష. 2009-10 విద్యాసంవత్సరం నుండి పట్టా పొందినవారు దీనిలో నెగ్గితేనే న్యాయవాదవృత్తిలో కొనసాగగలరు. ఇందులో నూరు ప్రశ్నలుంటాయి. వ్యాఖ్యలు లేని చట్టప్రతులను వెంట తీసుకొనిపోవచ్చు. అయినా తప్పేవారున్నారు. పుస్తకం చేతిలో ఉన్నదన్న ధీమాతో చదవనివారికి, ఏ సెక్షను ఎక్కడున్నదో వెదకడంలోనే సమయం గడిచిపోతుంది.

తోటివారు నెగ్గగా తాము మళ్లీ పరీక్షకు కూర్చోవడం బాధాకరమే. ఆ బాధను దాచుకొని కుమిలిపోరాదు. ఇంటివారితో, గురువులతో పంచుకోవాలి. ఈ పరీక్షను ఎన్నిసార్లయినా రాయవచ్చు. అయితే పాత పద్ధతిలోనే చదివితే ఫలితం మారదు. ఏ చట్టంలో తడబడ్డారో గుర్తించాలి. గడియారం ఎదుట పెట్టుకొని సెక్షన్లు వెదకడం అలవరచుకోవాలి. కొత్త ప్రతులే చదవాలి. 2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది.

రేపు కేసు ఓడిన కక్షిదారు వచ్చినప్పుడు, అప్పీలుకు ముందు తీర్పును చదివి లోపాన్ని వెదకవలసినది న్యాయవాదే. తమ అపజయాన్ని అలా చదువుకొన్నవారే ఆ పనికి తగినవారు.