పిల్లలకి ఏ పుస్తకం కొనిపెడదాం?

"మా వాడికి తెలుగు మాట్లాడటం బాగానే వచ్చండీ, చదవమంటేనే కూడబలుక్కుంటాడు." ఇంగ్లీషు మీడియం పిల్లల తల్లులు చాలామంది అనే మాటే ఇది. అలాంటి పిల్లవాడి చేతిలో శతకం పెట్టి తాత్పర్యం చెప్పమన్నారో, ఇక తెలుగు పుస్తకం వైపు కన్నెత్తి చూడడు! ముందు కథ రుచి తెలియాలి.

ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లకి చిన్న కథలే మేలు. డి.కె.చదువులబాబు 'వజ్రాల వాన', గంగిశెట్టి శివకుమార్ 'కబుర్ల దేవత' అలాంటివే. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం మొదటిదానికి 2023లో, రెండోదానికి 2025లో వచ్చింది. కాస్త ఓపిగ్గా చదివే పిల్లలైతే 2024లో ఇదే పురస్కారం అందుకున్న పి.చంద్రశేఖర ఆజాద్ నవల 'మాయాలోకం' చూడండి. బహుమతి వచ్చింది కదా అని కళ్లు మూసుకుని కొనెయ్యకండి. మధ్యలో ఓ పేజీ తీసి పిల్లవాడిచేత పైకి చదివించండి. నాలుగైదు చోట్ల ఆగితే ఫర్వాలేదు. లైను లైనుకీ ఆగుతుంటే ఆ పుస్తకం వచ్చే ఏడాదికి.

మాంత్రికులూ, రాక్షసులూ కావాలనే పిల్లలకి దాసరి సుబ్రహ్మణ్యం గారిని మించినవారు లేరని నా అభిప్రాయం. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'చందమామ'లో పన్నెండు సీరియల్స్ రాశారాయన. ఆ పత్రిక ముందు ఎవరు చదవాలని మీరో, మీ అమ్మగారో అన్నదమ్ములతో పోట్లాడే ఉంటారు! ఆ సీరియల్స్ మళ్లీ పుస్తకాలుగా వచ్చాయి. శిఖిముఖి, విక్రమకేసరిల 'శిథిలాలయం'తో మొదలుపెట్టండి. ఒక చిట్కా: మొదటి రెండు భాగాలూ మీరే చదివి వినిపించండి. మూడోది మంచి పట్టులో ఉండగా "కూర మాడిపోతోంది" అంటూ లేచి వంటింట్లోకి వెళ్లిపోండి. పుస్తకం మాత్రం అక్కడే వదిలెయ్యండి.

పదమూడు దాటినవాళ్లకి 'రైలుబడి' ఇవ్వండి. టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి సంగతులతో 1981లో జపాన్‌లో ప్రచురించిన 'టోటో చాన్'కి తెలుగు ఇది. అల్లరి భరించలేక బడి నుంచి పంపేసిన పాప, పాత రైలుపెట్టెల్లో నడిచే మరో బడిలో చేరుతుంది. హెడ్మాస్టరు కొబయాషి మొదటిరోజే నాలుగు గంటలపాటు ఆ పాప చెప్పిందల్లా విన్నారు. మనమో? నాలుగు నిమిషాలకే "సర్లే, హోంవర్కు చూసుకో" అంటాం! ఇంకో విశేషం, పాత బడి నుంచి పంపేశారన్న సంగతి ఆ తల్లి కూతురికి ఇరవై ఏళ్లు నిండేదాకా చెప్పనే లేదు. అందుకే పిల్లకిచ్చే ముందు మీరూ ఒకసారి చదవండి.

పుస్తక ప్రదర్శనకి వెళ్లినప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ఒక పుస్తకం మీరు ఎంచండి, ఒకటి వాళ్లని ఎంచుకోనివ్వండి. వాళ్లు తెచ్చింది మీకు నచ్చకపోయినా సరే, బిల్లు కట్టెయ్యండి.