తరగతి గదిలో నిర్మాణాత్మక మూల్యాంకనం: డిజిటల్ సాధనాల వినియోగం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాల మధ్య భేదాన్ని వివరించగలుగుతారు.
• తరగతి అవసరానికీ, ఉన్న వసతులకూ తగిన డిజిటల్ సాధనాన్ని ఎంచుకోగలుగుతారు.
• విద్యార్థుల అపోహలను బయటపెట్టే బహుళైచ్ఛిక ప్రశ్నను తయారుచేయగలుగుతారు.
• వచ్చిన సమాధానాలను బట్టి బోధనలో తదుపరి నిర్ణయం తీసుకోగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

కొన్నేళ్ల కిందట బోధనాభ్యాస పరిశీలన కోసం నేను ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లాను. ఛాత్రోపాధ్యాయుడు దశాంశాల పాఠం చెప్పి, ప్రొజెక్టర్ మీద క్విజ్ పెట్టాడు. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. క్షణాల్లో తెర మీద రంగురంగుల పట్టీలు లేచాయి. దాదాపు సగం మంది సమాధానం తప్పు. అతడు మార్కులు నమోదు చేసుకొని తర్వాతి అంశంలోకి వెళ్లిపోయాడు. నేనూ నా పరిశీలన పత్రంలో ‘సాంకేతికత వినియోగం’ ఎదుట మంచి మార్కులే వేశాను.

గంట కొట్టాక ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “సార్, మరి నాది ఎందుకు తప్పయింది?” అని అడిగింది. తెర ఆమెకు తప్పని చెప్పింది గాని, ఎందుకు తప్పో చెప్పలేదు. చెప్పవలసిన వ్యక్తి పుట తిప్పేశాడు. ఆ రోజు జరిగింది పరీక్షే; నిర్మాణాత్మక మూల్యాంకనం కాదు. ఆ తేడాను ఛాత్రోపాధ్యాయునితో పాటు నేనూ గుర్తించలేకపోయాను. ఈ పాఠం ఆ తేడా గురించే.

2. నిర్మాణాత్మక మూల్యాంకనం అంటే ఏమిటి?

1967లో మైకేల్ స్క్రివెన్ పాఠ్యప్రణాళికల మూల్యాంకనాన్ని చర్చిస్తూ నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక అనే విభజన చేశారు. బెంజమిన్ బ్లూమ్ దానిని విద్యార్థుల అభ్యసనానికి అన్వయించారు. 1998లో పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి, తరగతి గదిలో జరిగే ఈ మూల్యాంకనం అభ్యసనాన్ని మెరుగుపరుస్తుందని చూపారు.

విద్యార్థి ఎంత నేర్చుకున్నాడో చివర్లో తేల్చేది సంగ్రహణాత్మక మూల్యాంకనం. నేర్చుకుంటుండగానే ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకొని, బోధనను సరిదిద్దేది నిర్మాణాత్మక మూల్యాంకనం. అంటే దానిని నిర్ణయించేది పరీక్ష పేరు కాదు, ఫలితాన్ని మనం వాడే తీరు. ఫలితం చూశాక బోధనలో ఏదీ మారకపోతే, దానికి ఏ పేరు పెట్టినా అది నిర్మాణాత్మకం కాదు.

విద్యాహక్కు చట్టం (2009) నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరింది. మన పాఠశాలల్లో ‘ఎఫ్.ఎ.’ అన్న మాట పిల్లలందరికీ తెలుసు. అయితే అది మార్కుల రిజిస్టరులో ఒక గడిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. డిజిటల్ సాధనాలు వచ్చాక ఆ గడిని నింపడం మరింత తేలికైంది. కాబట్టి జాగ్రత్త కూడా పెరగాలి.

3. సాధనం ఎంపిక

“పిల్లలూ, అర్థమైందా?” అని అడిగితే తరగతి మొత్తం “అర్థమైంది సార్” అంటుంది. చేయి ఎత్తేది ఎప్పుడూ ఆ నలుగురైదుగురే. మిగిలిన వారి ఆలోచన ఉపాధ్యాయునికి అందదు. డిజిటల్ సాధనం చేసే అసలు మేలు ఇక్కడే ఉంది: అది ప్రతి విద్యార్థి సమాధానాన్నీ ఒకేసారి తెచ్చి చూపుతుంది.

అ) ఒకే ఒక ఫోను ఉన్నప్పుడు: ‘ప్లికర్స్’ పద్ధతిలో ప్రతి విద్యార్థికీ ఒక ముద్రిత కార్డు ఇస్తారు. కార్డును ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అది ఎ, బి, సి, డి లలో ఆ సమాధానం అవుతుంది. ఉపాధ్యాయుడు ఫోను కెమెరాను తరగతి వైపు తిప్పితే సమాధానాలు నమోదవుతాయి. ప్రతి కార్డు ఆకృతి వేరు కనుక పక్కవాడిని చూసి తిప్పడం కష్టం. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవలసిన పని లేదు.

ఆ) కంప్యూటర్ గది ఉన్నప్పుడు: గూగుల్ ఫారమ్స్‌లో క్విజ్ తయారుచేయవచ్చు. తప్పు సమాధానం ఇచ్చినవారికి చూపవలసిన వివరణను ముందే రాసి ఉంచవచ్చు.

ఇ) ఆటగా పునశ్చరణ చేయాలన్నప్పుడు: ‘కహూట్’ వంటివి ఉత్సాహాన్నిస్తాయి. అయితే ఇందులో సాధారణంగా వేగానికి కూడా పాయింట్లు ఉంటాయి. నిదానంగా ఆలోచించే విద్యార్థి పట్టికలో కిందికి జారిపోతాడు. కొత్త భావన నేర్పుతున్నప్పుడు వేగపు పోటీ వద్దు.

ఏ సాధనమూ లేకపోతే? ఎ, బి, సి, డి అని రాసిన నాలుగు అట్టముక్కలు, లేదా పలక చాలు. పద్ధతి అదే, లెక్కపెట్టే పని మాత్రం మీది.

4. ప్రశ్న తయారీ

సాధనం కంటే ప్రశ్న ముఖ్యం. “వీటిలో పెద్దది ఏది?” అని అడుగుతూ 0.5, 0.45, 0.125 ఇచ్చామనుకోండి. సరైన సమాధానం 0.5. కానీ ‘అంకెలు తక్కువగా ఉంటే సంఖ్య పెద్దది’ అనే అపోహ ఉన్న విద్యార్థి కూడా 0.5 అనే చెబుతాడు. పదో వంతు పెద్ద ముక్క, వెయ్యో వంతు చిన్న ముక్క కనుక మూడంకెలున్న సంఖ్య చిన్నదని అతని తర్కం. ఆలోచన తప్పు, సమాధానం ఒప్పు! తెర అతనికి పూర్తి మార్కులు వేస్తుంది.

అదే ప్రశ్నను ఇలా మార్చండి:

ఎ) 0.4  బి) 0.63  సి) 0.258  డి) నాకు ఇంకా అర్థం కాలేదు

ఇప్పుడు బి సరైనది. ఎ ఎంచుకున్న విద్యార్థి ‘అంకెలు తక్కువైతే పెద్దది’ అనుకుంటూ ఉండవచ్చు. సి ఎంచుకున్న విద్యార్థి పూర్ణ సంఖ్యల అలవాటుతో 258ని 63 కంటే పెద్దదిగా చూస్తూ ఉండవచ్చు. డి ఉండటం వల్ల ఊహించి చెప్పవలసిన అవసరం తగ్గుతుంది. ప్రతి తప్పు సమాధానం వెనుకా ఒక ఆలోచన ఉండేటట్లు ప్రశ్నను కూర్చడమే ఇక్కడి మెళకువ.

5. ఫలితం వచ్చిన తర్వాత

40 మంది తరగతిలో బి 24, సి 11, ఎ 3, డి 2 వచ్చాయనుకుందాం. ఇప్పుడు ఏం చేయాలి?

హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ ప్రచారంలోకి తెచ్చిన సహాధ్యాయి బోధన పద్ధతి ఇక్కడ ఉపకరిస్తుంది. సరైన సమాధానాలు సుమారు 30 శాతం కంటే తక్కువైతే భావనను మళ్లీ బోధించాలి. 70 శాతం దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు సాగవచ్చు. మధ్యలో ఉంటే, సమాధానం చెప్పకుండా పిల్లలను పక్కవారితో చర్చించమని, మళ్లీ సమాధానం అడగాలి. మన ఉదాహరణలో 60 శాతం మందిది సరైనది. కాబట్టి చర్చ అవసరం.

చర్చ తర్వాత టేపు తీసి చూపండి: 0.63 మీటరు అంటే 63 సెంటీమీటర్లు, 0.4 మీటరు అంటే 40, 0.258 మీటరు అంటే 25.8. ఆపై అదే భావనపై కొత్త సంఖ్యలివ్వండి: 0.5, 0.72, 0.604. ఈ రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. అది లేనిదే మీ వివరణ ఫలించిందో లేదో తెలియదు. దీనికంతటికీ పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ సమయాన్ని పాఠ్యపథకంలో ముందే కేటాయించండి. ‘సిలబస్ పూర్తికాదు’ అన్న తొందరే ఆనాటి తరగతిలో ఆ అమ్మాయి ప్రశ్నకు చోటు లేకుండా చేసింది.

6. బహుళైచ్ఛిక ప్రశ్నకు అందనివి

తెలుగు వాచకంలో పిల్లవాడు ఒత్తులు పలుకుతున్నాడా, శ, ష, స ల భేదం పాటిస్తున్నాడా అన్నది క్విజ్‌తో తెలియదు. ఫోనులో అతని పఠనాన్ని రికార్డు చేసి అతనికే వినిపించండి. తన పొరపాటును తానే పట్టుకుంటాడు. అలాగే గణితంలో నోటుపుస్తకంలోని సాధనను ఫొటో తీసి, పేరు కనబడకుండా తెర మీద చూపి, ‘ఏ సోపానం దాకా సరిగా ఉంది?’ అని తరగతిని అడగండి.

7. పాటించవలసిన జాగ్రత్తలు

• పేర్లతో కూడిన ఫలితాలను తెర మీద చూపవద్దు. మొత్తం ఎంతమంది అన్నది చాలు.
• ఈ సమాధానాలకు మార్కులు వేయకండి. మార్కులంటే పిల్లలు తమ సందేహాన్ని దాచుకుంటారు.
• ఇంటి దగ్గర ఫోను ఉందన్న నమ్మకంతో పని ఇవ్వవద్దు.
• డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (2023) ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బాలలు. యాప్‌లలో పూర్తి పేరు, ఫోను నంబరు, ఫొటో బదులు క్రమసంఖ్య వాడండి. పాఠశాల, తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

8. సారాంశం

డిజిటల్ సాధనం తరగతిలోని అందరి సమాధానాలనూ త్వరగా సేకరిస్తుంది. ఆ సమాధానం వెనుక ఉన్న ఆలోచనను గుర్తించడం, తర్వాత ఏం చేయాలో నిర్ణయించడం ఉపాధ్యాయుని పని. మంచి ప్రశ్న, ఫలితంపై నిర్ణయం, మళ్లీ ఒక ప్రశ్న: ఈ మూడూ కలిస్తేనే నిర్మాణాత్మక మూల్యాంకనం పూర్తవుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి

ఒక విద్యార్థి 204 − 87 = 283 అని రాశాడు. అతడు ఎలా ఆలోచించి ఉంటాడు? అతనికి మీరిచ్చే తర్వాతి ప్రశ్న ఏమిటి? ముందు మీ సమాధానం రాసి, ఆ తర్వాతే కింది సూచన చూడండి.

సూచన: ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసివేశాడు (7 − 4 = 3, 8 − 0 = 8). ‘204 రూపాయల్లో 87 ఖర్చుచేస్తే 283 మిగులుతాయా?’ అని అడిగి, అతనే సరిదిద్దుకున్నాక 305 − 68 ఇవ్వవచ్చు.

మీ సమాధానం సూచనతో సరిపోలకపోతే 4, 5 విభాగాలు మళ్లీ చదవండి. ఎదుట ఉపాధ్యాయుడు లేని దూరవిద్యలో మీకు మీరు చేసుకునే నిర్మాణాత్మక మూల్యాంకనం ఇదే.