ఇంజను చప్పుళ్లు : విప్పుటకు ముందు వినవలసినవి

హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు 44వ నెంబరు జాతీయ రహదారి శంషాబాదు దాటిన పిమ్మట పాల్మాకుల మీదుగా సాగును. అక్కడ నిలిచి చెవియొగ్గినచో రేయింబవళ్లు డీజిలు లారీల మ్రోత వినవచ్చును. తన లారీ మ్రోతలో చిన్న మార్పు వచ్చినను అనుభవజ్ఞుడైన డ్రైవరు కనిపెట్టగలడు. ఈ నేర్పు లారీవారికే కావలెనని ఇదివరలో తలచెడివారము. 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణలోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడిన తరువాత పంచాయతీ సభ్యులకును ఇది అవసరమైనది. లారీలో నున్నను, ట్రాక్టరులో నున్నను డీజిలు ఇంజను పని ఒక్కటే.

చెత్త సేకరణకు బయలుదేరిన ట్రాక్టరులో ఒక ఉదయమున క్రొత్త చప్పుడు మొదలైన దనుకొందము. డ్రైవరు, "నడుచుచున్నది గదా" అనును. షెడ్డులో మేస్త్రీ, "ఇంజను బోరుకు వచ్చినది, విప్పవలెను" అనును. మొదటి మాట విని ఊరకున్నచో, అది బేరింగు చప్పుడే అయినపక్షమున క్రాంకు షాఫ్టు చెడిపోవును. రెండవ మాట విని డబ్బు మంజూరు చేసినచో, అది కేవలము నాజిల్ చప్పుడే అయినపక్షమున పంచాయతీ సొమ్ము వ్యర్థమగును. మొదటి నష్టము పెద్దది. రెండవది ఎవరికిని తెలియకుండ జరిగిపోవునది.

డీజిలు ఇంజనుకు కొంత మోత సహజమని ముందుగా గ్రహింపవలెను. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఈ యంత్రములో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. గాలిని పదునారవ వంతునకో, అంతకంటె తక్కువకో నొక్కినచో అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును; అందులో చిమ్మిన నూనె తనంతట అంటుకొనును. అట్లు ఒక్కసారిగా అంటుకొనుటవలననే కటకట మను ధ్వని పుట్టును. చలికాలపు ఉదయములందు అది హెచ్చుగా నుండుట రోగము కాదు. నిన్నటి చప్పుడునకు నేటి చప్పుడునకు భేదమున్నదా అనునదే ప్రశ్న.

ఆ భేదము ఎప్పుడు వినబడునో కనిపెట్టవలెను. ఇంజను చల్లగా నున్నప్పుడు టకటకలాడి, వేడెక్కిన పిమ్మట తగ్గినచో పిస్టను కొంత వదులైనదని ఊహింపవచ్చును. అది తొందరపడవలసిన విషయము కాదు. పైభాగమున తేలికగా టిక్కుటిక్కు మనునది సాధారణముగా టాపెట్ల చప్పుడు. ఇంజను రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్కొక్క వాల్వు ఒకసారియే తెరచుకొనును గావున ఈ చప్పుడు ఇంజను వేగములో సగమే యుండును. ఫీలర్ గేజితో, కంపెనీ పుస్తకములోని కొలత ప్రకారము సరిచేసిన చాలును. చప్పుడు బొత్తిగా పోవలెనని టాపెట్లను మితిమీరి బిగించు మేస్త్రీలు కలరు. చప్పుడు పోవును, వాల్వు సరిగా మూసుకొనక కాలిపోవును.

ఇంజను విప్పుటకు ముందు వెలుపలి భాగములను చూడవలెను. ఇంజను ఆపి, ఫ్యాను బెల్టు తీసి, మరల ఒక నిమిషము మాత్రము నడిపినచో చప్పుడు ఆగినదా, అది వాటరు పంపుదో డైనమోదో యగును. నిమిషమునకు మించి నడుపరాదు. నీరు తిరుగక ఇంజను వేడెక్కును. పొగగొట్టము కలియుచోట నల్లని మసి కట్టినచో గాస్కెట్ పోయినదని తెలియును. ఆ చప్పుడును టాపెట్ల చప్పుడుగా భ్రమించుట కద్దు. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై ఆనించి, పిడిని చెవి దగ్గర నుంచుకొని చోటు మార్చి వినుట పాత పద్ధతియే గాని నేటికిని పనికివచ్చును. తువాలు, పంచె చెంగు తిరుగు భాగములకు దూరముగా నుండవలెను.

అన్నిటికంటె భయపడవలసినది క్రింది భాగమునుండి వచ్చు బరువైన, మొద్దు చప్పుడు. రేసు ఇచ్చి వదలినప్పుడు స్పష్టముగా వినబడి, ఆయిలు ప్రెషర్ మీటరులో ముల్లు కూడ పడిపోవుచున్నచో కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగిన దనుకొనవలెను. బండిని అక్కడనే ఆపవలెను. చెత్త ఒకపూట ఆలస్యమైనను ఫరవాలేదు. చిక్కని ఆయిలు పోసి చప్పుడు అణచి నడుపుట కొందరి అలవాటు; ఇది మేము ఎంతమాత్రము హర్షింపము. డిప్ స్టిక్కుపై ఆయిలు మట్టము పెరిగి, డీజిలు వాసన వచ్చుచున్నను నడుపరాదు. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు.

ఒక్క సిలిండరులోనే కఠినమైన దెబ్బ వినబడి, నల్లని పొగ వచ్చుచున్నచో నాజిల్ అంటుకొన్నదేమో పరీక్షింపవలెను. పాత పద్ధతి పంపు గల ఇంజనులలో, నెమ్మదిగా తిరుగుచుండగా మేస్త్రీ ఒక్కొక్క ఇంజెక్టరు గొట్టపు నట్టును కొంచెము వదులు చేయును. ఆ సిలిండరులో మంట ఆగును. చప్పుడు, పొగ రెండును మాయమైనచో దోషము ఆ నాజిల్‌లో నుండుట సంభవము. చప్పుడు తగ్గియు కొంత మిగిలినచో బేరింగును అనుమానింపవలెను. చిమ్ము డీజిలునకు చేయి అడ్డుపెట్టరాదు. 2020 ఏప్రిల్ నుండి బి.యస్.-6 నియమముల ప్రకారము వచ్చుచున్న లారీలలోను, కామన్ రైలు పద్ధతి గల ఏ బండిలోనైనను ఈ పరీక్ష అసలే చేయరాదు. వాటి గొట్టములలో ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వేయిరెట్లు మించును. ఆ ధార చర్మమును చీల్చి లోపలికి పోగలదు. అట్టి బండిని కంప్యూటరు పరీక్ష గల షెడ్డునకే పంపవలెను.

మరమ్మతు అంచనా సమావేశము ముందుకు వచ్చినప్పుడు సభ్యులు, చప్పుడు ఎప్పుడు మొదలైనది, చల్లగా నున్నప్పుడా, వేడిలోనా, ఆయిలు ఒత్తిడి యెంత, నాజిళ్లు పరీక్షించిరా అని అడుగవలెను. ఈ వివరములు డ్రైవరు లాగ్ పుస్తకములో ఆనాడే వ్రాసియుంచుట మంచిది. ఇంజను విప్పక తప్పనిచో ఆయిలు తీసిన పళ్లెములో లోహపు పొడి మెరయుచున్నదేమో చూడవలెను. తీసిన బేరింగులను పంచాయతీ కార్యాలయమునకు తెప్పింపవలెను. పైని బూడిదరంగు పూత అరిగి అడుగున రాగిరంగు బయటపడినచో మేస్త్రీ చెప్పినది నిజము. పూత నున్నగా, చెక్కుచెదరక యున్నచో బిల్లు చెల్లించుటకు ముందు మేస్త్రీని పిలిపించి, ఏ చప్పుడు విని ఇంజను విప్పితివని అడుగవలెను.