ఆగిపోయే ముందు కారు ఏం చెప్పింది?

హైవే మీద 80 వేగంతో వెళ్తున్నారు. ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయింది. కాసేపయ్యాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తే అక్కడా బుద్ధిగానే నడుస్తుంది! ఇక మొదలవుతుంది గుడ్డి వైద్యం... ఓసారి బ్యాటరీ, మరోసారి ప్లగ్గులు, ఇంకోసారి పంపు. బిల్లు పెరుగుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. నిజానికి ఇంజిన్ ఎలా ఆగిందో గమనిస్తే సగం గుట్టు తెలిసిపోయినట్టే.

ముందు ప్రాణం... తర్వాతే కారు

ఇంజిన్ ఆగినంత మాత్రాన బ్రేకులు పోవు. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండుసార్లు ఆదుకుంటుంది. అందుకే పెడల్‌ని పదేపదే తొక్కి దాన్ని వృథా చేయకండి. ఒకేసారి నొక్కి పట్టండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులతో తిప్పాలి. కారు కదులుతుండగా తాళం బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాకైపోతుంది. హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకి తీసుకెళ్లి ఆపండి. అందరూ దిగి రోడ్డుకి దూరంగా నిలబడండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయొచ్చు.

టక్కునా... దగ్గుతూనా?

స్విచ్ ఆపినట్టు టక్కున ఆగితే మొదటి అనుమానం కరెంటు మీదే. దగ్గుతూ, పికప్ తగ్గుతూ ఆగితే ఇంధనం సరిగా అందడంలేదేమో చూడాలి. సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగుతుంటే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉండొచ్చు. డ్యాష్‌బోర్డు లైట్లతో సహా అన్నీ ఆరిపోతే బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజులు, ఇగ్నిషన్ స్విచ్ చూడాల్సిందే.

ఆ స్విచ్‌ని తేలిగ్గా తీసుకోలేం. అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో షెవర్లే కోబాల్ట్ వంటి సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది అందుకే. తాళాల గుత్తి బరువుకో, కుదుపుకో తాళం పక్కకు జారి ఇంజిన్ ఆగిపోయేది. ఎయిర్‌బ్యాగులూ తెరుచుకునేవి కావు. ఆ లోపానికి 124 మంది బలైనట్టు పరిహార నిధి తేల్చింది.

వేడెక్కితేనే వచ్చే జబ్బు

ఎండలో గంట నడిచాక ఆగి, అరగంట చల్లబడ్డాక స్టార్టవుతోందా? క్రాంక్ సెన్సర్‌ని అనుమానించండి. ఇంజిన్ ఎంత తిరిగిందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. ఆ సమాచారం ఆగితే స్పార్కూ ఉండదు, పెట్రోలూ రాదు. వేడికి సెన్సర్ లోపలి తీగచుట్ట తెగినట్టయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. కారు గేరులో ఉండి ఇంకా దొర్లుతుండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడిపోతే ఆ అనుమానం బలపడుతుంది.

పంపు సంగతి చెవితోనే తెలుస్తుంది. చాలా పెట్రోలు కార్లలో స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెడితే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా జుయ్‌మంటుంది. ఆ చప్పుడు లేకపోతే ముందు ఫ్యూజు, రిలే చూసి, ఆ తర్వాతే పంపు జోలికి వెళ్లాలి.

కోడ్ చెప్పేదెంత?

మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరైంది. స్కానర్ తగిలిస్తే కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు కనిపిస్తాయి. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్లో తేడా ఉందని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు, వైరూ కనెక్టరూ కూడా. వాటిని చూడకుండా సెన్సర్ మార్చేస్తే డబ్బులు దండగ. కోడ్ రాసుకోకముందే బ్యాటరీ వైరు పీకేస్తే చాలా కార్లలో ఆ ఆధారమూ చెరిగిపోతుంది.

ఎంత వేగంలో ఆగింది? ఎంతసేపు నడిచాక? ఏ లైట్లు వెలిగాయి? మళ్లీ స్టార్టవడానికి ఎంతసేపు పట్టింది? ఈ నాలుగూ చీటీ మీద రాసి మెకానిక్‌కి ఇవ్వండి. మంచి మెకానిక్ పానా పట్టేముందు అడిగేవీ ఇవే!