పచ్చిచేప - కార్జపు జలగ



పశువులకు కార్జపు జలగ పట్టుట మీరెఱిగినదే. ఆ జాతి పురుగే యొకటి పచ్చిచేప మూలమున మనుష్యులకును బట్టును. ఇది థాయిలాండు ఈశాన్యభాగమునను, లావోసు దేశమునను మెండు.

అచ్చటివారును మనవలె వరి పండించువారే. మళ్లలోను చెఱువులలోను బట్టిన చిన్నచేపలను సన్నముగా దఱిగి, నిమ్మరసము, కారము, వేచిన బియ్యపుపిండి కలిపి, వండకయే జిగురన్నముతో దిందురు. దానిని 'కోయిప్లా' యందురు. నిమ్మరసమునకు మాంసము తెల్లబడును గాని లోని పురుగు చావదు.

రోగి మలములో కంటికగపడని గ్రుడ్లు వెడలును. అవి వాననీటితో చెఱువు జేరగా నొకజాతి చిన్ననత్త మ్రింగును. నత్తలో వృద్ధిపొందిన పిల్లపురుగులు నీటిలోనికి వచ్చి, మన పరిగెలను బోలిన చేపల కండలో జొచ్చి ముడుచుకొని యుండును. ఆ చేపను పచ్చిగా దిన్న మనుష్యుని, పిల్లిని, కుక్కను జేరి, పిత్తనాళములలో పెరుగును. పెరిగిన పురుగు ఆకు వలె పలుచగా, సెంటీమీటరునకు లోబడి యుండును. పదేండ్లు బ్రతుకగలదు.

పురుగులు కొలదిగా నున్నపుడు బాధ తెలియదు. అందుచేతనే రోగి యుపేక్షించును. ఏండ్లు గడచినకొలది నాళములు వాచి దళసరియై, కొందఱికి రాచపుండు (కాన్సరు) పుట్టును. ప్రపంచారోగ్య సంస్థవారి కాన్సరు పరిశోధనశాఖ 1994లో నీ పురుగును కాన్సరు కలిగించువానిలో జేర్చినది.

ప్రాజిక్వాంటెల్ అను మందు పురుగును జంపును. కాని మరల పచ్చిచేప దిన్నచో మరల బట్టును. ఖోన్ కేన్ మండలమున లావా చెఱువు చుట్టునున్న పల్లెలలో మందుతోబాటు ఇంటింటను, పాఠశాలలలోను బోధ చేయగా, సగటున నూటికి 60 మందికున్న వ్యాధి 10 మందికి లోబడినది.

మనము చేపను పులుసులో మరిగింతుము గనుక నీ భయము తక్కువ. అయినను ఈ నియమములు పాటింపదగును:

1. చేపను ముల్లు వద్ద కండ కూడ తెల్లబడి విడివడువఱకు ఉడికింపవలెను. నిప్పులపై పైపైన గాల్చి తినరాదు.
2. పచ్చిచేప కోసిన కత్తిని, పీటను కడుగక కూరలు తఱుగరాదు.
3. చెఱువుగట్టున మలవిసర్జనము కూడదు. మరుగుదొడ్డి నీరు చెఱువున బడనీయరాదు.
4. పచ్చిచేపలను పిల్లులకు, కుక్కలకు వేయరాదు.

చేపల చెఱువులున్న గ్రామముల సంఘములవారు ఈ నియమములను చదువురాని సభ్యులకు జదివి వినిపింతురుగాక.