చివరి పడవ దాటిన పిదప

అట్లాంటిక్ మహాసముద్రమునకు అభిముఖముగా, అమెరికా ఈశాన్యపు అంచున నున్న మెయిన్ రాష్ట్రతీరమున వేలకొలది దీవులు కలవు. అందు సుమారు నూరేండ్లకు పూర్వము మున్నూటింట జనులు ఏడాది పొడుగునా కాపురముండగా, వంతెన లేక పడవనే నమ్ముకొని నేటికిని జనావాసములుగా నిలిచినవి 15 మాత్రమే. తక్కినవి ఎట్లు పాడువడినవని విచారించినచో, జీవనోపాధి తీరమునకు తరలిపోవుటతో పాటు బడి మూతపడుట యనునది పెక్కు దీవుల చరిత్రలో కానవచ్చును. బడి లేని చోట పసిబిడ్డలు గల సంసారము నిలువదు గదా! ఈ సత్యమెరిగినవారు గనుకనే ఫ్రెంచ్‌బరో దీవివాసులు, 1960 దశకమున తమ బడిలో పిల్లలు కరవైనప్పుడు, ఆదరణ లేని బాలలను తీరమునుండి రప్పించి, తమ యిండ్ల పెంచుకొని, బడిని బ్రతికించుకొనిరి.

బడి నిలిచినంత మాత్రమున బాల్యము నిండునా? ఈ దీవులలో పెద్దదైన వైనల్‌హేవన్ జనసంఖ్య 1,300 లోపు. తీరమున నున్న రాక్‌లాండ్ రేవునుండి పడవలో గంటంబావు ప్రయాణము. బడి విడిచిన పిదప తీరమునకు పోయి, సంగీతమో చిత్రలేఖనమో నేర్చుకొని, ఆ సాయంకాలమే యిల్లు చేరవలె ననుకొనుట, మన గోదావరి లంకలలో పొద్దుగూకిన తరువాత రేవు దాటగోరుట వంటిది. కాబట్టి విద్య తానే పడవనెక్కి దీవికి రావలెను.

అక్కడి బాలలు పనికి దూరమైనవారు కారు. ఎనిమిదేండ్లు నిండిన బాలునకు లాబ్‌స్టర్ అను పెద్దరొయ్యను పట్టుటకు విద్యార్థి లైసెన్సు దొరకును. మొదట 10 బోనులు, పదునాలుగేండ్లు దాటిన పిదప 150 వరకు. బోనులో పడిన రొయ్యను ఎడమచేత పట్టి, కంటిగుంట మొదలు వీపుపెంకు చివర వరకు కొలబద్దను ఆనించి, మూడుంబావు అంగుళములకు తగ్గినను, అయిదంగుళములకు మించినను ఆ బాలుడు దానిని నీటికే విడుచును. గ్రుడ్లు మోయు ఆడుదైనచో తోకరెక్కపై గంటుపెట్టి మరీ విడుచును. రేపటి సంతతికై నేటి రాబడిని వదలుకొను ఈ నిగ్రహమును ఏ పాఠ్యపుస్తకము నేర్పగలదు? కడలి నేర్పిన చదువును నేను తక్కువ చేయజాలను. అయినను మెయిన్ అఖాతపు జలములు లోకములోని పెక్కు సముద్రములకంటె వేగముగా వేడెక్కుచున్నవి. ఆ రొయ్యయే చల్లని నీటిని వెదకికొనుచు తరలిపోయిన నాడు, బోనులొక్కటియే ఎరిగిన బాలుని గతి యేమి?

ఇట్టి బాలలకు తోడుగా, 1983లో స్థాపితమైన ఐలండ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ, 1999 మొదలు యువపట్టభద్రులను ‘ఫెలో’లుగా దీవులకు పంపుచున్నది. వీరు ఏదో చూచి పోవు అతిథులు గాక, అచ్చటనే కాపురముండి, బడికిని గ్రంథాలయమునకును తోడ్పడుచు, సాయంవేళ పిల్లలను చేరదీసి, ఆ చిన్న యూరిలో దొరకని కళలకును శాస్త్రములకును వారిని పరిచయము చేయుదురు. 1905 నుండి దీవులను సేవించుచున్న సీకోస్ట్ మిషన్ వారి ‘సన్‌బీమ్’ నౌక సైతము ఈ ఏకాంతమును తగ్గించు మహోపకారి.

బడి విడిచిన పిదప సాగు ఇట్టి తరగతులు ఉచితములై యుండవలెనని పట్టుపట్టుట దయాధర్మము కొరకు కాదు. పట్టణమున నూర్గురు చేరు తరగతికి రుసుము విధించినచో పదిమంది తగ్గవచ్చును గాని తరగతి సాగును. అయిదుగురే యున్న దీవిబడిలో ఇద్దరు తప్పుకొన్నచో బృందగానము లేదు, నాటకము లేదు, రుసుము చెల్లింపగలిగిన ముగ్గురికిని ఏమియు మిగులదు. పేదలకు రాయితీ యిత్తుమందురా? ఒకరి వంటయింటి పొగ మరియొకరికి తెలియు ఊరిలో రాయితీ నడుగుట యనగా తమ లేమిని ఊరందరి యెదుట చాటుకొనుటయే. అభిమానముగల తల్లి అంతకంటె బిడ్డను ఇంటనే ఉంచుకొనును.

బడివేళలు ముగిసిన పిదప సాగు కార్యక్రమములకై అమెరికా సమాఖ్య ప్రభుత్వము 1994లో ఏర్పరచిన పథకమునకు నేడు ఏటా నూరుకోట్ల డాలర్లకు పైగా వ్యయమగుచున్నది. 2017లో దానిని పూర్తిగా రద్దుచేయు ప్రతిపాదన రాగా, కాంగ్రెసు దాని కంగీకరింపలేదు. ఏటేటా ఇట్లు గండము గడచుటపై ఆధారపడినచో, ఉపాధ్యాయుని పిలుచుకొనుటకు నెలలు పట్టు దీవులకే మొదట దెబ్బ తగులును.

తలసరి వ్యయము హెచ్చుగా నున్నదని లెక్కవేయు అధికారులు, ఆ దీవిలో ఇంక ఎందరు పిల్లలు మిగిలియున్నారో ముందుగా లెక్కింపవలెను. ఆ యున్నవారందరికిని, ఎవరి యాదాయమును విచారింపక, ఈ తరగతులు ఉచితముగానే సాగవలెను.