వేరు విరిచి చూడు చిన్నాయనా: పప్పుశెనగ, మైకోరైజా, రెండు తెగుళ్ళు

ఈ వారం ఎపిసోడ్ విన్నాక "ఆ మైకోరైజా సంగతి కొంచెం నిదానంగా రాయండి" అని కొందరు అడిగారు. ఎపిసోడ్ విననివాళ్ళకు కూడా అర్థమయ్యేలా మొదటి నుంచి చెప్తాను.

జనవరిలో ఒక రాత్రి. ఇక్కడ నేపర్‌విల్‌లో కిటికీ బయట మంచు పడుతోంది. అక్కడ కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్ళో అప్పుడే తెల్లారింది. చిన్నాయన చేలో నిలబడి వీడియో కాల్ చేశాడు.

"పప్పుశెనగ అక్కడక్కడా ఎండిపోతాంది రా. ఇది జేజీ 11. ఎండు తెగులు రాదన్నారు గదా! అంగట్లో మైకోరైజా గుళికలు చల్లమంటాండారు. ఆరెకరాలకు కొనాల. డబ్బు పంపుతావా?"

డబ్బు పంపడం పెద్ద పనేం కాదు. కానీ ఆ ప్రశ్నలో మూడు సంగతులు కలగాపులగం అయిపోయాయి: విత్తన రకం, మేలు చేసే బూజు, కీడు చేసే బూజు. ఒక్కొక్కటే విడదీద్దాం.

మేలు చేసే బూజు ఏం చేస్తుంది?

మైకోరైజా అంటే వేరూ బూజూ కలిసి చేసే కాపురం. 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ ఈ పేరు పెట్టాడు గానీ, ఆ కాపురం వయసు నలభై కోట్ల ఏళ్ళ పైమాటే. భాస్వరం మట్టిలో ఉన్నచోటు నుంచి పెద్దగా కదలదు. వేరు అందుకోలేనంత దూరానికి ఈ బూజు దారాలు పాకి భాస్వరం తెచ్చిస్తాయి. బదులుగా మొక్క దానికి చక్కెర, కొవ్వు పెడుతుంది.

పప్పుజాతి మొక్కలకు ఇంకో చుట్టం కూడా ఉంది. అది వేరుబుడిపెల్లో ఉండి నత్రజని ఇచ్చే రైజోబియం. ఈ చుట్టాలిద్దరూ వేర్లోకి వచ్చే దారి చాలావరకు ఒకటే. 1989లో ఫ్రాన్స్‌లో బఠాణీ మీద పనిచేసినవాళ్ళు ఈ సంగతి గమనించారు. బుడిపెలు రాని కొన్ని మొక్కల్లో మైకోరైజా కూడా కుదురుకోలేదు. అంటే చుట్టానికి తలుపు తీయాలా వద్దా అన్నది మొక్క జన్యువుల్లోనే ఉంది. అందుకే ఒకే పంటలో కూడా ఒక రకానికి ఈ బూజు వల్ల బాగా లాభం ఉంటుంది, ఇంకో రకానికి అంత ఉండదు.

వేర్లో ముందే కుదురుకుంటే ఇది రోగాన్ని కొంత అడ్డుకుంటుంది కూడా. చోటు ఆక్రమిస్తుంది, మొక్కను బలంగా, అప్రమత్తంగా ఉంచుతుంది. అయితే కుదురుకోవడానికి వారాలు పడుతుంది, అదీ బతికున్న వేరు దొరికితేనే. కాబట్టి విత్తేటప్పుడు విత్తనం పక్కన పడాలి. పూత దాటి, వేరు కుళ్ళిన చేలో చల్లితే డబ్బు మట్టిపాలే. ఇంకో మాట. డీఏపీ దండిగా పడిన నేలలో మొక్కకు భాస్వరం కరువుండదు. అప్పుడు ఈ బూజును పిలిచే సంకేతాలే అది తగ్గించేస్తుంది.

మరి జేజీ 11 ఎందుకు ఎండింది?

1999లో విడుదలైన జేజీ 11 నిజంగానే ఎండు తెగులును తట్టుకుంటుంది. ఆ తెగులు తెచ్చేది ఫ్యుజేరియం. పంట లేకపోయినా ఆరేళ్ళకు పైగా నేలలో బతికే మొండిది. కానీ మొక్కను ఎండబెట్టే బూజు అదొక్కటే కాదు. ఎండు వేరుకుళ్ళు అని ఇంకోటి ఉంది. తేమ తగ్గి, వేడి 30 డిగ్రీలు దాటితే విజృంభిస్తుంది. ఒక తాళానికి వేసిన చెవి ఇంకో తాళానికి పట్టదు కదా!

నేను చిన్నాయనకు చెప్పింది ఒక్కటే: "ఎండిన మొక్క పీకి వేరు విరిచి చూడు."

వేరు పైకి బాగానే ఉండి, నిలువునా చీలిస్తే లోపల నల్లటి గీత కనబడితే ఎండు తెగులు. పీచువేర్లు రాలిపోయి, తల్లివేరు పెళుసుగా పుటుక్కున విరిగితే ఎండు వేరుకుళ్ళు. పీకేటప్పుడు సగం వేరు నేలలోనే ఉండిపోవచ్చు, అందుకే తవ్వి తీయాలి.

ఆయన తవ్వాడు. విరిచాడు. ఆ పుటుక్కు నాకు ఇక్కడికి వినబడింది.

ఇప్పుడేం చేయాలి?

గుళికలు కొనలేదు. "అయితే వచ్చే ఏడు జొన్న ఏస్తా" అన్నాడు. అక్కడే ఇంకో చిక్కు. ఈ బూజు వందల రకాల మొక్కల మీద బతుకుతుంది. జొన్న కాడను లోపల నల్లగా చేసి పడగొట్టేదీ ఇదే. కాబట్టి పంట మార్చినంత మాత్రాన వదలదు. పదును చూసుకుని సకాలంలో విత్తడం, ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధి, నీళ్ళుంటే పూత, కాయ దశల్లో ఒక తడి, ఇవే ఆసరా. ఇక విత్తనం కొనేటప్పుడు "తెగులు తట్టుకుంటుందా?" అని కాదు, "ఏ తెగులు తట్టుకుంటుంది?" అని అడగాలి.

మా ఊరి నుంచి పడమటికి కాసేపు కారు నడిపితే సోయా పొలాలు మొదలవుతాయి. అక్కడా ఇదే కథ. ఆగస్టులో ఈనెల మధ్య ఆకు పసుపెక్కుతుంది, రోగం మాత్రం వేర్లో ఉంటుంది. ఇక్కడి రైతు విత్తనం ఎంచుకునేటప్పుడు ఒక్కో తెగులుకు విడిగా ఇచ్చిన మార్కులు చూసుకుంటాడు. మన రైతుకూ సంచి మీద ఆ పట్టిక ఉంటే ఎంత బాగుండేది!

పెరట్లో చిక్కుడు, గోరుచిక్కుడు వేసే నేపర్‌విల్ శ్రోతలకు కూడా ఒక మాట. మైకోరైజా పొట్లం కొనేముందు మట్టి పరీక్ష చేయించండి. భాస్వరం ఇప్పటికే ఎక్కువుంటే ఆ పొట్లం పెద్దగా పనిచేయదు. మొక్క ఎండితే మాత్రం ఆకు ఫోటో ఒక్కటే పంపకండి. వేరు తవ్వి, విరిచి, అది కూడా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.

ఉంటానండీ.